దొరికిన చోటు

కోనాడ దగ్గర చంపావతి
సముద్రంలోకి తిన్నగా పోదు.
ఇసుకదిబ్బకి ఎదురెళ్ళి, కాస్త ఆలోచించి,
పక్కకి తిరిగి, ఉప్పందుకుని వెళ్తుంది.

ఆ తిరిగే చోట, అమావాస్య రాత్రి, పోటెక్కే వేళ
సూరాడ బైరాగి తెప్ప మీంచి
పట్టుగుడ్డలాంటి వల దింపాను.
చేపల కోసం కాదంటే నవ్వాడు.
"రొయ్యకీ కాదా? మరేటికమ్మా ఈ సన్నజాలి,
నీటిలో దోమల్ని పడతావేటి?"

దాదాపు అంతే.
చీకటి పడ్డాకే పైకి తేలే నుసి ప్రాణాలు.
ఆవగింజలో సగం ఒళ్ళు,
తెడ్లలాంటి కాళ్ళు,
తల నడుమ ఒకే ఒక్క ఎర్ర కన్ను.

ఉప్పు కొలిచే గొట్టం నేను సంచీలోంచి తీసేలోపే
బైరాగి దోసెడు నీళ్ళు పుక్కిలించి ఉమ్మాడు:
"మజ్జిగలో ఏసినంత."
గొట్టంలో చూశాను. పన్నెండు.
నోటుపుస్తకంలో రెండూ రాసుకున్నాను.

*

విజయనగరం. కంటోన్మెంటులో అద్దెగది.
మైక్రోస్కోపు కింద గ్లిజరిన్ బొట్టు,
బొట్టులో అది.
వెంట్రుకకన్నా సన్నని సూదిమొనతో
ఒక్కో కాలూ విడదీయాలి, ఊపిరి బిగబట్టి.
పైవాటాలో పిల్లాడు బంతి కొట్టాడు,
బల్ల అదిరింది, ఐదో కాలు ఎటో పోయింది.
రెండు గంటలు వెతికాను.
ముక్కుపుడక పోయినప్పుడు కూడా
అంత వెతకలేదు నేను.

దీని వేరుతనమంతా ఆ కాల్లోనే ఉంది మరి.
మగదాని కుడి ఐదో కాలు, రెండో కణుపు,
లోపలి అంచున ఒక ముల్లు.
చుట్టాలందరికీ అది నిటారు.
దీనికి మాత్రం చిన్న వంపు,
కొడవలి అవుదామనుకుని మానేసినంత.

పదకొండుసార్లు గీశాను ఆ వంపుని.
పన్నెండోసారి నమ్మాను.

కొత్త జాతి అని రాయబోతే కొంచెం సిగ్గేసింది.
అది అక్కడే ఉంది. కొత్తగా వచ్చింది నేను.
అయినా రాశాను, అలాగే రాయాలి.
పేరు: లాటిన్‌లో, ఆ వంపు మీదే పెట్టాను.
నమూనా: మగది, ఒకటి, ఐదు గాజుపలకల మీద ముక్కలుగా.
దొరికిన చోటు:

ఇక్కడ కలం ఆగింది.
మ్యాపులో ఆ మలుపుకి పేరు లేదు.

బైరాగికి ఫోన్ చేశాను. వెనకాల ఇంజను చప్పుడు.
"పేరు నేకేటి? కొర్లమ్మ మలుపు."
కొర్లమ్మంటే, అమ్మవారా?
"అమ్మోరు కాదు. మా పెదనాన్న కూతురు.
పాటులో నత్తలేరడానికి దిగింది. పోటొచ్చీసింది.
నాను అప్పటికి బడికి కూడా ఎల్లడం నేదు.
అప్పట్నించీ అందరం అలగే అంటాం.
ఏటి, రాసేస్తావా?"
రాస్తానన్నాను.
కాసేపు ఇంజనొక్కటే మాట్లాడింది.
"దానికి ఇంటిపేరు కూడా ఉందమ్మా," అన్నాడు.

*

నాలుగు నెలలకి పరిశీలకుడి ఉత్తరం.
ముల్లు బొమ్మ బాగుందట.
రెండో పేజీలో ఆ చోటు ఏ పటంలోనూ కనబడలేదట,
అక్షాంశం రేఖాంశం ఇస్తే చాలట.

అంకెలిచ్చాను. పేరు తీయలేదు.
అచ్చులో వచ్చింది చివరికి,
సూరాడ కొర్లమ్మ మలుపు,
ఒక అక్షరం తప్పుతో.

ఆ కాయితం తీసుకుని మళ్ళీ కోనాడ వెళ్ళాను.
బైరాగి దాన్ని మడిచి బనీను లోపల పెట్టుకున్నాడు,
తడవకుండా.
తర్వాత గాజుగిన్నెలో బతికున్న ఆడదాన్ని చూపించాను,
తోకకి అటూ ఇటూ రెండు గుడ్లసంచులు
సంత నుంచి వస్తున్నట్టు మోసుకుంటూ.
ఒక కన్ను మూసి, భూతద్దం మీదికి వంగాడు.
"ఇదీ ఒంటికన్నుతోనే సూత్తంది, నానూ ఒంటికన్నుతోనే,"
అని చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

ఆనక గిన్నె అందుకుని
చెయ్యి నీళ్ళకి ఆనించి, మెల్లగా వంచేశాడు.
"పోటొస్తంది," అన్నాడు, "పదమ్మా."